రెడ్ డ్వార్ఫ్ లొసుగుల పట్టిక: ఏడు వారాల పని డైరీ

1వ వారం, శనివారం

ఇవాళ పని మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌లో ఖాళీ స్ప్రెడ్‌షీట్ తెరిచి పై వరసలో అయిదు గడులు నింపాను: సీజన్, ఎపిసోడ్, ఏం చెప్పారు, ఎక్కడ తేడా వచ్చింది, సర్దిచెప్పారా లేదా.

దీనికి కారణం మా మేనల్లుడు. అంతరిక్ష నౌకలో జరిగే ఒక హాస్య నాటికను తెలుగులో ఆడియోగా చెయ్యాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. ఆరు ఎపిసోడ్లు రాశాను కూడా. వాడు ఇంటర్ ఎంపీసీ, లెక్క తప్పితే ఊరుకోడు. మూడో ఎపిసోడ్ చదువుతూ, "మామయ్యా, మొదటి దాంట్లో ఓడలో నీళ్లు అయిపోయాయని రాశావు కదా? ఇక్కడ ఈయన తలస్నానం చేస్తున్నాడేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. స్క్రిప్టు మూసి పక్కన పెట్టాను. ముందు ఈ పనిలో ఆరితేరినవాళ్లు ఎక్కడెక్కడ తప్పారో, తప్పి ఎలా నిలబడ్డారో చూద్దామనిపించింది. నాకు అన్నిటికంటే బాగా తెలిసిన సిరీస్ రెడ్ డ్వార్ఫ్. దాన్నే తీసుకున్నాను.

చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో. 1988 ఫిబ్రవరి 15న బీబీసీ 2లో మొదలైంది. రాసింది రాబ్ గ్రాంట్, డగ్ నేలర్. రెడ్ డ్వార్ఫ్ అనేది గనుల పనికి వాడే పెద్ద ఓడ. అందులో అందరికంటే కింది ఉద్యోగి డేవ్ లిస్టర్. దొంగచాటుగా పిల్లిని పెంచుకున్నందుకు అతణ్ని కాలం ఆగిపోయే గదిలో పెట్టి శిక్షిస్తారు. ఈలోగా రేడియేషన్ లీకై మిగతా అందరూ చనిపోతారు. అది తగ్గేదాకా ఆగి ఓడ కంప్యూటర్ హోలీ అతణ్ని బయటికి తీసేసరికి 30 లక్షల ఏళ్లు గడిచిపోతాయి. తోడు ఎవరంటే, చనిపోయి హోలోగ్రామ్‌గా, అంటే ఒట్టి కాంతి రూపంగా, తిరిగొచ్చిన పై ఉద్యోగి రిమ్మర్, ఆ పిల్లి సంతతిలో మనిషి ఆకారానికి వచ్చిన క్యాట్. తర్వాత క్రైటన్ అనే మరమనిషి వచ్చి చేరతాడు.

మొదటి వరస మొదటి ఎపిసోడ్ నుంచే దొరికింది. ఓడలో ఉన్నది 169 మంది అని అక్కడ చెబుతారు. నాలుగో సీజన్‌లో, 1991లో వచ్చిన "జస్టిస్" ఎపిసోడ్‌లో రిమ్మర్ మీద 1,167 మంది చావుకు కారణమన్న నేరం మోపుతారు. అంటే లిస్టర్‌నీ రిమ్మర్‌నీ కలిపితే 1,169. మధ్యలో ఎక్కడో వెయ్యి మంది ఓడెక్కారు.

అదే ఎపిసోడ్‌లో ఇంకొకటి ఉంది. ఒక్కో చావుకు ఎనిమిదేళ్ల చొప్పున మొత్తం 9,328 ఏళ్ల శిక్ష అని తీర్పు చదువుతారు. కాగితం మీద గుణించి చూశాను. 1,167ను 8తో గుణిస్తే 9,336. ఎనిమిదేళ్లు తగ్గాయి, అంటే ఒక మనిషి చావు లెక్కలోకి రాలేదు. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. 9,328 అనే అంటున్నారు. ఆ వరసకు ఎర్ర రంగు వేసి పడుకున్నాను.

2వ వారం, బుధవారం

ఈ వారమంతా 30 లక్షల ఏళ్ల దగ్గరే గడిచింది. కథ మొత్తం దాని మీదే నిలబడింది కాబట్టి తొందరపడలేదు.

రేడియేషన్‌కు కారణం కాడ్మియం 2 అని సిరీస్‌లో చెబుతారు. నిజమైన కాడ్మియం సంగతి చూశాను. కాడ్మియం 109 అర్ధాయువు, అంటే ఉన్నది సగానికి తగ్గే కాలం, 462 రోజులు. కాడ్మియం 113లో ఉత్తేజిత రూపం ఒకటుంది, దానికి దాదాపు 14 ఏళ్లు. 14 ఏళ్లదే తీసుకున్నా, పది అర్ధాయువులు గడిస్తే, అంటే 140 ఏళ్లకు, వెయ్యిలో ఒక వంతే మిగులుతుంది. మిగతావాటిలో కొన్ని ఇంకా త్వరగా తరిగిపోతాయి, కొన్ని అసలు తరగవు లేదా కోట్ల కోట్ల ఏళ్లకు గాని తరగవు, కాబట్టి ఈ రెండో రకం రేడియేషన్ లెక్కలోకి రానంత తక్కువ. లక్షల ఏళ్లు ఆగాల్సిన కాడ్మియం ఏదీ లేదు. లిస్టర్‌ను మూడు నాలుగు వందల ఏళ్లకే బయటికి తీయొచ్చు.

క్యాట్‌ను కూడా రాసుకున్నాను. ఇథియోపియాలో దొరికిన లూసీ అస్థిపంజరం వయసు దాదాపు 32 లక్షల ఏళ్లు. అంటే లూసీ నుంచి మన దాకా పట్టినంత కాలంలోనే, గర్భంతో ఉన్న ఒక్క పిల్లి నుంచి రెండు కాళ్ల మీద నడిచి, సూటు వేసుకుని, అద్దం ముందు గంటలు గడిపే జాతి పుట్టింది. ఒకే తల్లి సంతానం తమలో తామే పెళ్లాడుతూ అన్ని తరాలు నిలవడం కష్టం. ఇది పసుపు రంగు.

ఆదివారం మేనల్లుడు వచ్చాడు. "ఫ్యూచర్ ఎకోస్" చూపించాను. అన్ని లక్షల ఏళ్లుగా వేగం పెంచుకుంటూ వచ్చి ఓడ కాంతి వేగాన్ని దాటుతుంది, దాంతో జరగబోయేవి ముందే కనిపించడం మొదలవుతుంది. ఎపిసోడ్ అయ్యీ అవకముందే వాడు ఫోన్‌లో లెక్క కట్టేశాడు.

"మామయ్యా, సున్నా నుంచి కాంతి వేగానికి 30 లక్షల ఏళ్లు పట్టిందంటే, రోజంతా ఇంజిన్ నడిస్తే పెరిగే వేగం ఎంతో తెలుసా? గంటకు ఒక్క కిలోమీటరు."

నేను మళ్లీ వేసి చూశాను. నిజమే. రోజుకు గంటకు కిలోమీటరు. రెండో రోజుకు రెండు. నాలుగైదు రోజులైతే మనిషి నడక వేగం. బండి స్టార్ట్ చేసి నెలంతా ఆపకుండా తోలితే మన సిటీ బస్సు వేగం వస్తుంది. ఆ ఎర్రటి ఓడ ఎంత మెల్లగా కదిలిందో నాకు కళ్లకు కట్టింది.

వాడు అక్కడితో ఆగలేదు. "సరే, భూమ్మీద మన బరువు మనకు ఉన్నట్టే అనిపించేంత వేగంగా తోశారనుకో. అప్పుడు 30 లక్షల ఏళ్లు ఎవరి గడియారం ప్రకారం?"

ఇది అసలైన ప్రశ్న. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం అలా తోస్తూ పోతే ఏడాదిలోనే కాంతి వేగానికి దగ్గరైపోతారు. ఆ తర్వాత ఓడలో గడియారం బాగా నెమ్మదిస్తుంది. భూమ్మీద 30 లక్షల ఏళ్లు గడిచేసరికి ఓడలో గడిచేది దాదాపు 15 ఏళ్లే. అప్పుడు కాలం ఆపే గది అవసరమే లేదు. లిస్టర్ నలభై ఏళ్ల మనిషిగా తలుపు తీసుకుని వచ్చేవాడు, పిల్లి మాత్రం పిల్లిగానే ఉండేది. పైగా ఎంత తోసినా కాంతి వేగానికి దగ్గరగా వెళ్లడమే గాని దాటడం ఉండదు.

రాత్రి పదకొండు దాకా ఇదే. మా అక్క రెండుసార్లు ఫోన్ చేసింది.

3వ వారం, గురువారం

దెబ్బ తగిలింది. సీజన్ల వరసలో పెడదామని ఒక్క గడినే ఎంచుకుని సార్ట్ కొట్టాను. పక్క గడులు కదల్లేదు. సీజన్ నంబర్లు ఒక దారి, తప్పులు ఒక దారి అయిపోయాయి. అది గమనించేలోపు సేవ్ చేసేశాను కూడా. నలభైకి పైగా వరసలు నోట్‌బుక్ చూసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు ప్రతి వరసకూ ముందు ఒక నంబరు ఇచ్చాను, రోజూ ఒక కాపీ వేరే పేరుతో దాస్తున్నాను.

అలా ఎక్కిస్తుంటేనే అపెండిక్స్ సంగతి కళ్లబడింది. రెండో సీజన్‌లో "థ్యాంక్స్ ఫర్ ద మెమరీ" అని ఒక ఎపిసోడ్ ఉంది. ప్రేమంటే తెలియకుండానే చనిపోయిన రిమ్మర్‌కు లిస్టర్ తన ఎనిమిది నెలల ప్రేమ జ్ఞాపకాన్ని కానుకగా ఇస్తాడు. రిమ్మర్ తలలో ఇద్దరి జ్ఞాపకాలూ కలిసిపోతాయి, తనకు అపెండిక్స్ ఆపరేషన్ రెండుసార్లు ఎందుకైందో అర్థం కాదు. ఒకటి తనది, రెండోది లిస్టర్‌ది. చిన్న మాట, కాని లోపలెక్కడో గుచ్చుకుంటుంది. తర్వాత 1993లో, ఆరో సీజన్ "లీజియన్"లో, లిస్టర్‌కు అపెండిక్స్ నొప్పి వచ్చి ఆపరేషన్ జరుగుతుంది. ఎప్పుడో తీసేసిన అపెండిక్స్ మళ్లీ ఎక్కణ్నుంచి వచ్చింది?

దీనికీ ఎర్ర రంగే వేశాను. వేస్తున్నప్పుడే ఏదో తేడాగా అనిపించింది. తీర్పులో పోయిన ఎనిమిదేళ్లూ ఎరుపే, ఇదీ ఎరుపే. రెండూ ఒకటేనా?

3వ వారం, ఆదివారం

మూడో సీజన్ మొదట్లో తెర మీద అక్షరాలు కింది నుంచి పైకి పరుగెడతాయి. చదవడానికి వీల్లేనంత వేగం. ఒక్కో ఫ్రేమే ముందుకు జరుపుతూ మొత్తం నోట్‌బుక్‌లో రాసుకున్నాను, మణికట్టు నొప్పెట్టింది. రెండో సీజన్ చివర్లో లిస్టర్ గర్భవతి అవుతాడు, సమాంతర విశ్వంలో తనలాంటి ఆడమనిషి వల్ల. ఆ కవలలు పుట్టి, వేరే విశ్వపు లక్షణాల వల్ల మూడు రోజుల్లో పద్దెనిమిదేళ్లవాళ్లై, అక్కడికే తిరిగి వెళ్లిపోయారని అందులో ఉంది. హోలీ తన ముఖాన్ని ఆడమనిషి ముఖంగా ఎందుకు మార్చుకుందో, పాడైపోయిన క్రైటన్‌ను ఎలా బాగుచేశారో కూడా ఉంది. అసలు సంగతి నటులు మారడం. హోలీగా నార్మన్ లవెట్ బదులు హ్యాటీ హేరిడ్జ్ వచ్చింది, క్రైటన్‌గా డేవిడ్ రాస్ బదులు రాబర్ట్ లూవెలిన్ వచ్చాడు. ఆరు ఎపిసోడ్లకు సరిపడే బాకీని కొన్ని సెకన్లలో తీర్చేశారు. ఆ వేగమే అక్కడ నవ్వు. ఎంత పొదుపు!

కాని ఒక్క ముడి విప్పలేదు. "ఫ్యూచర్ ఎకోస్"లో జరగబోయే తన చావును రిమ్మర్ చూశాడని తెలిసి లిస్టర్ హడలిపోతాడు. అది తను కాదు, ముందుముందు పుట్టబోయే కొడుకు బెక్స్‌లీ అని ముసలి లిస్టరే వచ్చి చెబుతాడు. కొడుకులు మూడు రోజులకే వెళ్లిపోతే, ఆ కొడుకు ఈ ఓడలో ఎప్పుడు చనిపోయాడు?

4వ వారం, శనివారం

"బ్యాక్‌వర్డ్స్", 1989. కాలం వెనక్కి నడిచే భూమి. లొసుగులు రాయడానికి కూర్చుంటే పేజీలు చాలలేదు. మనవాళ్ల కాలం ముందుకే నడుస్తుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లది వెనక్కి. పబ్బులో కొట్లాట దగ్గరికి వచ్చేసరికి రెండు కాలాలూ కలిసిపోతాయి, ఎవరిది ఎటు నడుస్తోందో చెప్పలేం. సీను సీనుకూ నియమం మారింది. పన్నెండు వరసలు రాసి ఆపేశాను.

అయితే ఈ ఎపిసోడ్ ఇచ్చినంత సంతోషం ఇంకేదీ ఇవ్వలేదు. పబ్బు మేనేజరు రిమ్మర్‌నూ క్రైటన్‌నూ తిడుతూ పనిలోంచి తీసేసే సీను ఒకటుంది. మాటలన్నీ తిరగబడి వినిపిస్తాయి. నవ్వు కోసం ఏవో అర్థం లేని శబ్దాలు చేయించారనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇవాళ ఆ ముక్కను కత్తిరించి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, రివర్స్ నొక్కి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

స్పష్టమైన ఇంగ్లీషు. ఆయన ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడటమే లేదు. ఈ రికార్డింగ్ సంపాదించి, తిరగేసి, తను ఏమంటున్నాడో వినడానికి ఒళ్లు వంచిన మనిషినే తిడుతున్నాడు, ఇంత పనిలేని బతుకేంటని.

నాకు ఒళ్లు జలదరించింది. అప్పట్లో ఇళ్లలో ఉన్నవి వీడియో క్యాసెట్లు. ఆ రోజుల్లోనే, ఎప్పటికైనా ఒకడు ఈ టేపును తిప్పి వింటాడని నమ్మి, ఆ ఒక్కడి కోసం కూర్చుని డైలాగు రాశారు. కాలం నియమాల్లో పన్నెండు చోట్ల తప్పినవాళ్లే, దాదాపు ఎవరూ వినరని తెలిసిన చోట ఒక్క మాట కూడా వదిలెయ్యలేదు. వెంటనే మేనల్లుడికి ఆడియో పంపాను. "మామయ్యా, ఇది నీకే రాశారు" అని జవాబిచ్చాడు. అవును, నాకే.

5వ వారం, మంగళవారం

పట్టికలో కొత్త గడి చేర్చాను. దాంతో పని దారే మారింది.

"మెరూన్డ్" చూస్తుంటే వచ్చింది ఆలోచన. అయిదు బ్లాక్ హోల్స్ అడ్డొస్తున్నాయని హోలీ హెచ్చరిస్తే లిస్టర్, రిమ్మర్ స్టార్‌బగ్ అనే చిన్న నౌకలో బయటపడి మంచు గ్రహం మీద కూలిపోతారు. ఆ అయిదూ తెర మీద పడిన దుమ్ము నలుసులని చివర్లో తేలుతుంది. మిగతా ఎపిసోడంతా ఇద్దరు మనుషులు, ఒక గది, చలి. లిస్టర్‌కు ఆకలి, కుక్కల తిండి డబ్బా తెరుస్తాడు. రిమ్మర్‌కు ఆకలి లేదు, చలి లేదు. కాని మంట ఆరకుండా ఉండాలంటే కాల్చాల్సింది రిమ్మర్ సామాన్లే. లిస్టర్ తన గిటార్ కాల్చడానికి మనసొప్పక, రిమ్మర్‌కు వాళ్ల నాన్న ఇచ్చిన కర్పూరపు చెక్క పెట్టెలోంచి గిటార్ ఆకారంలో చెక్క కోసి, దాన్ని మంటలో వేస్తాడు. నిజంగా గిటారే కాలిందనుకుని రిమ్మర్ కదిలిపోతాడు. అంత త్యాగానికి బదులుగా తన బొమ్మ సైనికులను ఇచ్చేస్తాడు.

ఇది ఎందుకు పండిందో చూడండి. రిమ్మర్ దేన్నీ తాకలేడు. పెట్టె కదిపి చూడలేడు, గిటార్ కేసు తెరవలేడు. తన వస్తువులు తనవే, అయినా అవి వేరేవాడి చేతుల్లో ఉన్నాయి. "హోలోగ్రామ్ తాకలేదు" అన్న ఒక్క నియమం తీసేస్తే ఎపిసోడ్ మొత్తం కూలిపోతుంది.

ఓడలో 169 మంది ఉన్నా 1,169 మంది ఉన్నా ఏ నవ్వూ కదలదు. కాడ్మియం నాలుగు వందల ఏళ్లకు తగ్గినా 30 లక్షల ఏళ్లకు తగ్గినా లిస్టర్ ఒంటరితనం అంతే. ఆ అంకెలు గోడకు వేసిన సున్నం లాంటివి. తాకలేకపోవడం మాత్రం స్లాబు మోసే స్తంభం. కొత్త గడికి పేరు పెట్టాను: "దీని మీద ఏ నవ్వు నిలబడింది?"

రంగులన్నీ తీసేశాను. మొదటి నుంచి మళ్లీ వెయ్యాలి.

6వ వారం, ఆదివారం

స్టార్‌బగ్‌ను అట్టముక్కలతో చేశాం. బయటినుంచి చూస్తే అది పురుగు ఆకారంలో, మూడు ఉబ్బెత్తు ముక్కలు కలిపినట్టు ఉంటుంది. ఆకుపచ్చ రంగు. మూడు థర్మోకోల్ బంతులు కొన్నాను. ముందు బంతిలో నలుగురు కూర్చునే కాక్‌పిట్ పట్టాలి కదా. ఆ లెక్కన మనిషి ఎంతుండాలో నిర్ణయించి, అగ్గిపుల్ల ముక్కలను మనుషులుగా పెట్టుకున్నాం. ఆరో సీజన్‌లోని మధ్య గది, మెట్లు, ఇంజిన్ గది గీసి అట్టతో కత్తిరించాం. ఎలాగో దూర్చాం. ఏడో సీజన్ గదులు కూడా పెడదామని చూస్తే బంతి పగిలింది.

దానికి రచయితలే జవాబిచ్చారు. ఆరో సీజన్ ఆఖరి ఎపిసోడ్ "అవుట్ ఆఫ్ టైమ్"లో కాలం ముడిపడి నౌక పేలిపోతుంది. ఆ గందరగోళం వల్లే నౌక లోపల పెరిగిందని ఏడో సీజన్ మొదట్లో లిస్టర్ వివరిస్తాడు. నాకు సమ్మతమే. గదుల సైజు మీద ఏ నవ్వూ ఆధారపడలేదు. పచ్చ రంగు వేశాను.

టైమ్ డ్రైవ్ విషయంలో మాత్రం సమ్మతం కాదు. "అవుట్ ఆఫ్ టైమ్"లో అది దొరకగానే ఎంతో ఆశగా 15వ శతాబ్దానికి వెళతారు. కాలం మారుతుంది, చోటు మారదు. కిటికీలోంచి చూస్తే అదే చీకటి, అదే ఖాళీ. ఎంత గొప్ప నియమం! చేతిలో కాలయంత్రం ఉండి కూడా ఇల్లు చేరలేరు. ఆ సిరీస్‌లోని బాధంతా ఆ ఒక్క కిటికీలో ఉంది. నాలుగేళ్ల తర్వాత, 1997లో, "టిక్కా టు రైడ్"లో అదే యంత్రంతో కూర తెచ్చుకుందామని బయల్దేరి 1963 నాటి డాలస్‌లో దిగుతారు. చోటు దాటగలిగితే మరి లిస్టర్ ఇంటికెందుకు పోడు? ఈ మధ్యలో రాబ్ గ్రాంట్ తప్పుకున్నాడు, నేలర్ ఇతరులతో కలిసి రాశాడు. కారణం అదేనని నేను అనను. కాని పట్టిక మొత్తంలో ముదురు ఎరుపు వేసింది దీనికే.

మేనల్లుడు ఒప్పుకోలేదు. "ఆ ఎపిసోడ్ బాగుంది కదా మామయ్యా" అన్నాడు. బాగుంది. స్తంభం తీసేసినా ఆ ఒక్క గది నిలబడింది. మిగతా ఇల్లు సంగతే నేను అడుగుతున్నది.

7వ వారం, శుక్రవారం

రంగులు వెయ్యడం పూర్తయింది. మొదట్లో ఎరుపు పడ్డ వరసల్లో ఇప్పుడు ఎరుపుగా మిగిలినవి చాలా తక్కువ. "జస్టిస్"లో తప్పిన ఎనిమిదేళ్లు తెల్లగానే వదిలేశాను. అక్కడ నవ్వు అంకెలో లేదు. అంత పెద్ద బాధ్యత అప్పగించేంత ముఖ్యుడు కాదు రిమ్మర్ అని క్రైటన్ అతని తరఫున వాదించడంలో ఉంది. నేరం తప్పుతుంది, పరువు పోతుంది. ఆ వాదనలో ఒక్క లొసుగు లేదు.

రిమ్మర్‌కు గట్టి కాంతి శరీరం రావడం గురించి మూడు రోజులు ఊగిసలాడాను. "లీజియన్" నుంచి అతను వస్తువులు పట్టుకోగలడు, దెబ్బ తింటే నొప్పి తెలుస్తుంది. స్తంభాన్ని తీసేసినట్టే. కాని చాటుగా తియ్యలేదు, ఎపిసోడ్‌లో అందరి ఎదుటా తీశారు, ఎర్ర యూనిఫాం నీలమైంది. పైగా దాని స్థానంలో ఇంకొకటి నిలబెట్టారు: ఇన్నాళ్లూ ఒట్టి మాటల పిరికివాడికి ఇప్పుడు నొప్పి తెలిసే ఒళ్లుంది. పసుపు దగ్గర ఆగాను.

వీడియో క్యాసెట్లకు పచ్చ. భవిష్యత్తులో ఇంకా టేపులేంటని చాలామంది అడిగే ప్రశ్న. 2009 నాటి "బ్యాక్ టు ఎర్త్"లో దానికి కారణం చెప్పారు: డీవీడీలను తిరిగి కవర్లలో పెట్టే ఓపిక మనుషులకు లేక, మళ్లీ టేపులకే వెళ్లారట. మా ఇంటి బీరువాలో ఖాళీ డీవీడీ కవర్లు ఎన్ని ఉన్నాయో చూశాక నాకు ఇంకే అనుమానమూ లేదు.

అపెండిక్స్ ఎరుపుగానే ఉంది. ఆపరేషన్ వల్ల "లీజియన్" కథ నడుస్తుందన్న మాట నిజమే. కాని "థ్యాంక్స్ ఫర్ ద మెమరీ"లో ఆ రెండో అపెండిక్స్ ఒక్కటే, ఒక మనిషి జీవితం ఇంకో మనిషిలోకి వెళ్లిందనడానికి ఆనవాలు. దాన్ని చెరపడం నాకు ఇష్టం లేదు.

7వ వారం, ఆదివారం

నా స్క్రిప్టు తీశాను. మొదటి పేజీకి ముందు ఒక తెల్ల కాగితం పెట్టి, మా ఓడలో మారకూడనివి ఏవో రాశాను. నాలుగే వచ్చాయి. మొదటిది నీళ్లు: మనిషికి రోజుకు రెండు లోటాలు, అంతే. తలస్నానం సీను కొట్టేశాను. దాని చోట, ఆ రెండు లోటాల్లో ఒకటి మిగిల్చి వారం పాటు దాచుకున్న వంటవాడు, ఎనిమిదో రోజు పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని తల తడుపుకుంటాడు. బయట అయిదుగురూ గోడకు చెవి ఆనించి ఆ చప్పుడు వింటుంటారు. ఆడియోకు అది ఎంత బాగుంటుందో రాస్తుంటేనే వినిపించింది.

మేనల్లుడికి మూడో ఎపిసోడ్ మళ్లీ పంపాను. చదివి, "రెండు లోటాలంటే ఎన్ని మిల్లీలీటర్లు?" అని మెసేజ్ పెట్టాడు. వంటింట్లోకి వెళ్లి లోటాతో కొలిచి రాసి పంపాను. నాలుగో ఎపిసోడ్ రేపు రాత్రి మొదలుపెడతాను.